సైనికుడు ఇంటికి తిరిగి వచ్చాక: దాంపత్యాన్నీ పిల్లలనూ మనసునూ కాపాడుకోవడం ఎలా

సైన్యంలో పనిచేసేవారి ఇళ్లలో ప్రయాణానికి ముందు సన్నాహం చాలా జరుగుతుంది. కాగితాలు సర్దుకుంటారు, డబ్బు లెక్కలు చూసుకుంటారు, ఏ అవసరం వస్తే ఎవరిని పిలవాలో రాసి పెట్టుకుంటారు. తిరిగి వచ్చే రోజు కోసం మాత్రం అలాంటి సన్నాహం ఏదీ ఉండదు. మనిషి క్షేమంగా గడప తొక్కితే చాలు, మిగిలినవన్నీ వాటంతట అవే కుదురుకుంటాయని అందరూ నమ్ముతారు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ జరగని సన్నాహం గురించే. నెలల తరబడి ఎడబాటును ఓర్చుకున్న దంపతులే కలుసుకున్న తర్వాత తడబడడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. దానికి కారణాలు ఉన్నాయి, వాటిని ముందే తెలుసుకుంటే ఆ తడబాటును ఒకరి తప్పుగా మరొకరు లెక్కగట్టుకునే అవసరం చాలావరకు తప్పుతుంది. సైనికుడు అని రాసిన ప్రతిచోటా సైనికురాలిని కూడా కలుపుకొని చదువుకోవాలని మనవి. ఇంట్లో ఉండిపోయేది భార్య అయినా భర్త అయినా విషయం ఒక్కటే.

ఇల్లు ఆగి ఉండదు

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక రూబెన్ హిల్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, తండ్రి యుద్ధానికి వెళ్లి తిరిగి వచ్చిన కుటుంబాలను పరిశీలించి 1949లో ఆ ఫలితాలను ప్రచురించాడు. ఆయన గమనించిన ఒక సంగతి ఇప్పటికీ పనికివస్తుంది. వెళ్లినవాడు లేని లోటు తెలియకుండా ఇంటి పనులన్నీ తమలో తాము పంచుకుని గట్టిగా నిలబడిన కుటుంబాలకు ఎడబాటు కాలం సులువుగానే గడిచింది గాని, ఆయన తిరిగి వచ్చినప్పుడు ఆయనకు ఆ ఇంట్లో చోటు దొరకడం కష్టమైంది. ఒంటి చేత్తో ఇల్లు నెట్టుకురావడం మెచ్చుకోదగినదే. అయితే ఆ క్రమంలో వెళ్లిన మనిషి పేరున కొంత స్థలం ఖాళీగా ఉంచుకోవడం కూడా అంతే అవసరం.

1987లో కాథ్లీన్ వెస్టల్ లోగన్ నౌకాదళ కుటుంబాలను గమనించి, ఎడబాటులో మనసు నడిచే దారిని ఏడు దశలుగా వివరించింది. వాటిలో ఆరో దశ ఇద్దరూ కలిసిన తర్వాత వస్తుంది. దాంపత్యంలోని చెప్పుకోని ఒప్పందాలను మళ్లీ మాట్లాడుకోవలసి రావడమే ఆ దశ: డబ్బు ఎవరు చూడాలి, పిల్లలకు ఎవరు కాదనాలి, రాత్రి ఎన్ని గంటలకు దీపాలు ఆర్పాలి, స్నేహితులను ఎప్పుడు పిలవాలి. ఈ చిన్న విషయాల మీద వచ్చే గొడవలు ప్రేమ తగ్గిందనడానికి గుర్తు కావని, తిరిగి కలవడంలో అవి ఒక భాగమని ఇద్దరికీ తెలిసి ఉండడమే సగం ఊరట.

వెళ్లే ముందు

వీలునామా, నామినీ పేర్లు, పవర్ ఆఫ్ అటార్నీ, బ్యాంకు ఖాతాల వివరాలు, బీమా పత్రాలు, యూనిట్‌లో ఎవరిని సంప్రదించాలో ఆ వివరం, ఇవన్నీ ఒకే సంచిలో పెట్టుకోవాలని అందరికీ తెలుసు కాబట్టి దాని మీద ఎక్కువ రాయను. పవర్ ఆఫ్ అటార్నీకి గడువు తేదీ ఉందేమో చూసుకోండి. సేవాకాలం పొడిగించినప్పుడు అది మధ్యలో ముగిసిపోతే ఇంట్లో ఉన్నవారి చేతులు కట్టేసినట్టవుతుంది.

చాలామంది చేయనిది మరొకటి ఉంది. బయలుదేరడానికి కొన్ని వారాల ముందు చాలా జంటల మధ్య కారణం లేని చికాకు మొదలవుతుంది, ఒకరికొకరు దూరంగా మసలుతారు, చివరి రోజు ఏదో ఒక పనికిమాలిన విషయం మీద పోట్లాడుకుంటారు. దగ్గరగా ఉండి విడిపోవడం కన్నా కోపంగా ఉండి విడిపోవడం మనసుకు సులువు కాబట్టి మనసు తనకు తెలియకుండానే ఆ దారి వెతుక్కుంటుంది. ఇది లోగన్ చెప్పిన రెండో దశ. ఆ వారాల్లో ఒక సాయంత్రం కేటాయించుకుని మూడు విషయాలు మాట్లాడుకోండి: నేను లేనప్పుడు నన్ను అడగకుండా నువ్వు తీసుకోగల నిర్ణయాలు ఏవి, నన్ను అడిగి తీసుకోవలసినవి ఏవి, ప్రమాద వార్త ఏదైనా వస్తే అది ఎవరి నోట ముందుగా వినాలని నువ్వు కోరుకుంటావు. మూడో ప్రశ్న అడగడానికి నోరు రాదు. అడిగినవారు మాత్రం తర్వాత కాస్త నిశ్చింతగా ఉంటారు.

దూరంగా ఉన్నప్పుడు

ఫోనులో ఎంత చెప్పాలి, ఎంత దాచాలి అనేది దంపతులు ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. భద్రతా కారణాల వల్ల సైనికుడు చెప్పకూడనివి ఎలాగూ ఉంటాయి. ఇంట్లోవారు చెప్పకూడనివి ఏమీ లేవు గాని, పైకప్పు కారుతోందనో పాపకు జ్వరమనో చెప్పినప్పుడు అవతలివారు ఏమీ చేయలేని నిస్సహాయతలో మిగిలిపోతారు. నా అభిప్రాయం ఇది: కష్టాన్ని దాచకండి, దానితో పాటు మీరు తీసుకుంటున్న చర్యను కూడా చెప్పండి. పాపకు జ్వరం వచ్చింది, వైద్యుడికి చూపించాం, రేపు మళ్లీ చూస్తారు అని చెబితే వినేవారికి ఊపిరి ఆడుతుంది. అన్నీ దాచిపెట్టి అంతా బాగుంది అని చెబుతూ వస్తే, తిరిగి వచ్చిన మనిషి తనకు తెలియని ఇంట్లోకి అడుగు పెడతాడు.

కాల్ రాకపోతే ఏమనుకోవాలో కూడా ముందే ఒప్పందం చేసుకోండి. సమాచార సంబంధాలు తెగిపోవడం, డ్యూటీ మారడం, యూనిట్‌లో ఏదైనా సంఘటన జరిగితే కుటుంబానికి అధికారికంగా తెలిసేవరకు ఫోన్లన్నీ ఆపేయడం, ఇవన్నీ జరుగుతూనే ఉంటాయి. నిశ్శబ్దానికి సాధారణ కారణాలు చాలా ఉన్నాయని ఇద్దరూ ముందుగా చెప్పుకుని ఉంటే, ఆ రాత్రులు కాస్త తక్కువ భయంతో గడుస్తాయి.

పిల్లల విషయంలో వయసును బట్టి తేడా చాలా ఉంటుంది. ఏడాది లోపు పిల్లలు తిరిగి వచ్చిన తల్లినో తండ్రినో గుర్తుపట్టకపోవచ్చు, ఏడ్చి ముఖం తిప్పుకోవచ్చు. అది కొన్ని వారాల ఓపికతో పోతుంది, చేతుల్లోకి బలవంతంగా తీసుకుంటే ఇంకా ఆలస్యమవుతుంది. నాలుగైదేళ్ల పిల్లలు తాము అల్లరి చేసినందుకే వెళ్లిపోయారని లోలోపల నమ్మే అవకాశం ఉంది కాబట్టి, నీ తప్పేమీ లేదు అన్న మాట వారికి ఒకసారి చెబితే చాలదు. ఆ వయసువారికి నెలలు అర్థం కావు. గోడ మీద కాగితపు గొలుసు కట్టి రోజుకొక కొలికి తీసేయడం అర్థమవుతుంది, అయితే తేదీ వాయిదా పడే అవకాశం ఉంటే అలాంటి గొలుసు కట్టకపోవడమే మేలు. కథలు చదివి రికార్డు చేసి ఇచ్చి వెళితే పడుకునే ముందు ఆ గొంతు వినిపిస్తుంది.

కౌమారంలో ఉన్నవారి గురించి మాత్రం ఎక్కువ ఆలోచించాలి. పదమూడేళ్ల పిల్ల తమ్ముడిని బడికి పంపుతుంది, అమ్మ ఏడిస్తే పక్కన కూర్చుంటుంది, బిల్లులు కట్టే తేదీలు గుర్తుపెట్టుకుంటుంది. అందరూ ఆమెను మెచ్చుకుంటారు. తండ్రి తిరిగి వచ్చిన మర్నాడు ఆమె మళ్లీ చిన్నపిల్ల అయిపోవాలని, అడిగి బయటకు వెళ్లాలని, ఫోను తొమ్మిదింటికి పక్కన పెట్టాలని ఇంట్లో అందరూ ఆశిస్తారు. ఆమె కోపాన్ని పొగరుగా చూడకండి, ఆమె నుంచి ఒక ఉద్యోగం తీసేసుకున్నారు. ఆమె మోసిన బాధ్యతల్లో కొన్నింటిని ఆమెకే ఉంచి, మిగిలినవి ఒక్కొక్కటిగా, ఆమెకు కృతజ్ఞత చెబుతూ వెనక్కి తీసుకోండి.

తిరిగి వచ్చిన మొదటి మూడు నెలలు

వచ్చిన వెంటనే ఉండే ఆనందం నిజమైనదే. అది తగ్గిపోగానే ఏదో పోయిందని కంగారు పడకండి. ఆ కాలంలో పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దని గట్టిగా సలహా ఇస్తాను: ఇల్లు కొనడం, ఉద్యోగం వదలడం, దాచుకున్న డబ్బంతా ఒక్కసారి ఖర్చుపెట్టడం, విడిపోదామని తేల్చుకోవడం. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంటికి ఈ సలహా వర్తించదు. అక్కడ ముందు మీరూ పిల్లలూ సురక్షితమైన చోటుకు చేరండి, మిగిలినవి తర్వాత ఆలోచించవచ్చు.

వచ్చినవారు మొదటి వారాల్లో ఇంటిని చూడాలి, దిద్దడం తర్వాత. సామాను ఎక్కడ ఉందో, పిల్లలు ఏ వేళకు ఏం చేస్తున్నారో, భాగస్వామి ఏ పనిని ఏ పద్ధతిలో చేయడం అలవాటు చేసుకున్నారో గమనించండి. మీరు పనిచేసిన చోట ఆజ్ఞ ఇచ్చిన వెంటనే జరగడం ప్రాణాలు కాపాడింది. ఇంట్లో అదే గొంతు పిల్లలను గోడకు అంటుకుపోయేలా చేస్తుంది. ఇంట్లో ఉన్నవారు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి: ఇన్నాళ్లూ నేను మోసింది ఇక నువ్వు మోయి అని అన్నీ ఒక్క రోజులో అప్పగించడం, ఇది నీకు చేతకాదు అని ఏదీ అప్పగించకపోవడం, రెండూ ఒకే గాయం చేస్తాయి. ఒక పనితో మొదలుపెట్టండి. పిల్లలను బడికి దింపడం వంటిది, రోజూ జరిగేది, తప్పు జరిగినా నష్టం లేనిది అయితే మంచిది.

శారీరక సాన్నిహిత్యం విషయంలో ఒకరు వెంటనే కోరుకోవచ్చు, మరొకరికి ముందు మాటలు కావాలనిపించవచ్చు. నెలల తరబడి ఒంటరిగా పడుకున్న శరీరానికి పక్కన మరొకరు ఉండడమే కొత్తగా ఉంటుంది. దీన్ని తిరస్కారంగా తీసుకుని మౌనంగా మథనపడకుండా, ఇంకొంత సమయం కావాలి అని నోరు విప్పి చెప్పుకోవడం ఇద్దరినీ కాపాడుతుంది.

మనిషి ఇంట్లో ఉండి, మనసు అక్కడ ఉండిపోతే

పాలిన్ బాస్ అనే పరిశోధకురాలు 1970లలో, యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన విమాన చోదకుల కుటుంబాలతో పనిచేస్తూ, అస్పష్టమైన వియోగం అనే భావనను ముందుకు తెచ్చింది. అది రెండు రకాలుగా ఉంటుందని ఆమె చెప్పింది: మనిషి కంటి ముందు లేకపోయినా మనసులో నిత్యం ఉండడం ఒకటి, కంటి ముందు ఉన్నా మనసుతో అక్కడ లేకపోవడం రెండోది. సైనిక కుటుంబాలు మొదటిదాన్ని ఓర్చుకుంటూ ఎదురుచూసి, కొన్నిసార్లు రెండోదానిలోకి వచ్చి పడతాయి. అన్నం ముందు కూర్చుని పలకని మనిషితో బతకడం ఎడబాటు కన్నా ఎందుకు కష్టమో ఈ మాట తెలిస్తే అర్థమవుతుంది.

యుద్ధం మనసు మీద వేసే ముద్ర కొత్తది కాదు. 1871లో డకోస్టా అనే అమెరికన్ వైద్యుడు అంతర్యుద్ధ సైనికుల గుండెదడ గురించి రాశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఛార్లెస్ మయర్స్ వ్యాసంతో షెల్ షాక్ (ఫిరంగి గుళ్ల పేలుళ్ల మధ్య పనిచేసిన సైనికుల్లో కనిపించిన మానసిక దెబ్బ) అన్న పేరు వైద్యలోకానికి ఎక్కింది. పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా పట్టుకునే వ్యాధి) అనే పేరుతో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని అధికారికంగా గుర్తించింది 1980లో. తిరిగి వచ్చినవారిలో ఎక్కువమందికి ఈ వ్యాధి రాదు. మొదటి వారాల్లో ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం, జనం మధ్య ఇబ్బందిగా ఉండడం చాలామందికి ఉండి తగ్గిపోతాయి. పీడకలలు, జరిగినది మళ్లీ కళ్ల ముందు జరుగుతున్నట్టు ఉండడం, దాన్ని గుర్తుచేసే చోట్లనూ మనుషులనూ తప్పించుకోవడం, ఏ అనుభూతీ కలగని మొద్దుబారిన స్థితి, ఎప్పుడూ ప్రమాదం కోసం చూస్తున్నట్టు ఉండడం, ఇవి నెల దాటి కొనసాగుతూ పనినీ సంబంధాలనూ దెబ్బతీస్తుంటే వైద్య సహాయం తీసుకోవలసిన సమయం వచ్చిందని అర్థం.

రాత్రి పీడకలలో కొట్టుకుంటున్న మనిషిని ముట్టుకుని లేపకండి. చేయి అందనంత దూరంలో నిలబడి పేరు పెట్టి నెమ్మదిగా పిలవండి, దీపం వేయండి, ఇది మన ఇల్లు అని చెప్పండి. కొంతకాలం వేరు పడకలు వేసుకోవలసి వస్తే అది దాంపత్యానికి అవమానం ఏమీ కాదు. నిద్ర కోసం మద్యాన్ని ఆశ్రయించడం చాలా సాధారణం. అది త్వరగా నిద్రపుచ్చుతుంది గాని రాత్రి రెండో భాగంలో నిద్రను చెదరగొడుతుంది, మర్నాటికి చికాకును మిగులుస్తుంది, క్రమంగా మోతాదు పెంచుతుంది.

ఇక్కడ కుటుంబాలు ప్రేమతో చేసే ఒక పొరపాటు గురించి ఆగి చెప్పాలి. ఆయనకు శబ్దం పడదని పిల్లలను ఆడుకోనివ్వరు, ఆమెకు జనం పడదని వేడుకలకు వెళ్లడం మానేస్తారు, వార్తలు ఆపేస్తారు, స్నేహితులను రావద్దంటారు. కొన్నాళ్లకు ఇల్లంతా ఒకరి భయం చుట్టూ తిరగడం మొదలవుతుంది. మొదట్లో ఇది దయగానే ఉంటుంది, కాని తప్పించుకున్నకొద్దీ భయం పెరగడం ఈ వ్యాధి స్వభావం కాబట్టి, కుటుంబం చేసే ఈ సర్దుబాటు లక్షణాలను నిలబెడుతుంది. దీనికి బదులు చిన్న చిన్న అడుగులను ముందుగా ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి: అరగంట మాత్రం బయటకు వెళదాం, తలుపు దగ్గర కూర్చుందాం, ఇబ్బందిగా ఉంటే నువ్వు ఫలానా మాట అంటే ఏమీ అడగకుండా లేచి వచ్చేద్దాం.

చికిత్స ఉందని, అది పనిచేస్తుందని స్పష్టంగా చెప్పాలి. జరిగినదాన్ని చికిత్సకుడి సమక్షంలో క్రమంగా ఎదుర్కొనే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, తనను తాను నిందించుకునే ఆలోచనలను పరీక్షించి చూసుకునే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, కళ్ల కదలికలతో సాగే ఈఎండీఆర్ అనే మూడు పద్ధతులకు బలమైన ఆధారాలు ఉన్నాయి. ఇవి సాధారణంగా కొన్ని నెలల్లో ముగుస్తాయి. దంపతులిద్దరినీ కూర్చోబెట్టి పదిహేను సిట్టింగుల్లో చేసే చికిత్సను కాండిస్ మాన్సన్ బృందం పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించింది. వ్యాధి లక్షణాలు తగ్గడంతో పాటు దాంపత్యంలో రోగికి కలిగే తృప్తి కూడా పెరిగింది. కౌన్సిలర్‌ను ఎంచుకునేటప్పుడు ఈ పద్ధతుల్లో శిక్షణ ఉందా, సైనికులతో పనిచేసిన అనుభవం ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

భయంతో సంబంధం లేని మరొక గాయం కూడా ఉంది. తాను చేసినదో, చేయలేకపోయినదో, ఆపలేకపోయినదో తన నీతికి విరుద్ధమని లోపల తొలుస్తూ ఉండడం దాని స్వభావం. జొనాథన్ షే వంటి మనోవైద్యులు దీన్ని నైతిక గాయం అన్నారు. ఇలాంటివారు తమకు సంతోషంగా ఉండే అర్హత లేదని భావించి, ప్రేమించేవారినే దూరం పెడతారు. వారితో నువ్వేం తప్పు చేయలేదు అని వెంటనే అనేయడం వల్ల మాట అక్కడే ఆగిపోతుంది. వినండి. తీర్పు చెప్పే పని మీది కాదు, ఓదార్చి ముగించే తొందర కూడా వద్దు.

నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు, నేను అందరికీ భారం అన్న మాటలు వినిపించినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం కనిపించినా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు వైద్య సహాయం అందించండి. ఇంట్లో తుపాకీ ఉంటే దాన్ని ఇంటి బయట భద్రంగా ఉంచడమో, కనీసం తాళం వేసి తూటాలను వేరే చోట పెట్టడమో చేయాలి. ఆత్మహత్య ఆలోచన తీవ్రంగా ఉండే సమయం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపూ ఆయుధం చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ఈ ఏర్పాటును సైనికుడితోనే, ఆయన తేరుకుని ఉన్నప్పుడు, కలిసి చేసుకుంటే అవమానం అనిపించదు.

చూసుకునేవారి సంగతి

ఇంత రాసినప్పుడు భాగస్వామికి చెప్పింది ఎక్కువగా ఓర్పు గురించే అనిపించవచ్చు. అది న్యాయం కాదు. బదిలీల వల్ల ఉద్యోగాలు మానుకున్నవారు, ప్రతి కొత్త చోటా స్నేహాలు మొదటి నుంచి కట్టుకున్నవారు, ఇప్పుడు ఇంట్లోనే నర్సు పాత్రలోకి జారిపోయినవారు తమ నిద్ర, తమ వైద్య పరీక్షలు, తమ స్నేహితులతో గడిపే సమయం వదులుకుంటూ పోతే, రెండేళ్లలో ఆ ఇంట్లో ఇద్దరు రోగులుంటారు. మీకంటూ ఒక కౌన్సిలర్‌ను, ఆయనకు సంబంధం లేని ఒక స్నేహాన్ని, వారంలో ఎవరూ అడగని కొన్ని గంటలను ఏర్పాటు చేసుకోండి. యుద్ధపు గాయం కోపానికి కారణం కావచ్చు, చేయి ఎత్తడానికి అనుమతి కాలేదు.

యూనిఫాం వదిలాక

పదవీ విరమణ కూడా ఒక తిరిగి రావడమే, కాకపోతే ఈసారి మళ్లీ వెళ్లడం ఉండదు. ఇరవై ఏళ్లు రోజు ఎలా గడపాలో, పక్కన ఎవరు నిలబడతారో, తాను ఎవరో నిర్ణయించి ఇచ్చిన వ్యవస్థ ఒక్క ఉదయంలో లేకుండా పోతుంది. విరమణకు ఏడాది ముందే వైద్య రికార్డులన్నీ ప్రతులు తీసుకోండి. చిన్నదని వదిలేసిన గాయానికి కూడా కాగితం ఉంటే పదేళ్ల తర్వాత వైకల్య పింఛను కోసం అడిగేటప్పుడు పనికివస్తుంది. మొదటి ఉద్యోగం మనసుకు నచ్చకపోవడం సహజమని ఇంట్లో అందరూ తెలుసుకోండి. పాత సహచరులతో సంబంధం నిలుపుకోవడం గతంలో బతకడమని కొందరు భాగస్వాములు విసుక్కుంటారు, నేను ఏకీభవించను; వారానికొకసారి ఆ ఫోను కాల్ చేసే పని మరెవరూ చేయలేరు.

చివరగా చెవుల గురించి. తుపాకులు, ఇంజన్లు, పేలుళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవారిలో వినికిడి లోపం, చెవుల్లో ఆగని మోత చాలా ఎక్కువగా కనిపిస్తాయి, ముఖ్యంగా సన్నని గొంతులు, గుంపులో మాటలు సరిగా అందవు. ఇంట్లోవారికి అది నిర్లక్ష్యంలా తోస్తుంది, పిల్లలు తమ మాట పట్టించుకోవడం లేదని చెప్పడం మానేస్తారు, ఆయన సంభాషణలో నుంచి మెల్లగా తప్పుకుంటాడు. పేలుడు దగ్గరగా ఉండి తలకు దెబ్బ తగిలినవారిలో మతిమరుపు, తలనొప్పి, చికాకు కూడా ఇలాగే స్వభావం మారినట్టు కనిపిస్తాయి. అందువల్ల దంపతుల కౌన్సిలింగ్ మొదలుపెట్టే ముందే వినికిడి పరీక్ష, తల గాయాల పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేవరకు టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ముందు పేరు పెట్టి పిలిచి, ఆయన మీ వైపు చూశాకే మాట మొదలుపెట్టండి.